బావగారి దగ్గు

కిందటి వారం అన్నదమ్ములిద్దరినీ విజయనగరం బస్సులో వదిలిపెట్టాం. కిటికీ పక్క సీట్లో నువ్వు కూర్చోమంటే నువ్వు కూర్చోమని ఇద్దరూ మొహమాటపడుతుంటే, రణస్థలం దగ్గర ఎక్కిన ఒక ముసలమ్మ తన కోళ్ళగంపను ఆ సీట్లో పెట్టుకుని తగువు తీర్చేసింది.

వాళ్ళు ఎందుకు బయలుదేరారో మరొక్కసారి చెప్పుకుందాం. కళింగపట్నం దగ్గర, వంశధార పక్కన వాళ్ళకు కాస్త మాగాణి ఉంది. కిందటేడు ఉభాలప్పుడు, అంటే వరినాట్ల రోజుల్లో, మద్రాసు నుంచి సినిమావాళ్ళు వచ్చి ఆ మళ్ళలో ఒక పాట తీశారు. హీరోయిను పక్కన నిజంగా నాట్లు వేసే ఆడవాళ్ళు కావాలంటే ఊళ్ళోంచి పదిమంది దాకా దిగారు. తమ్ముడు అప్పలసూరి భార్య తాయారు వాళ్ళలో ఒకతె. కార్తీకంలో ఆమె కామెర్లతో పోయింది. పిల్లలు లేరు. ఫొటో కూడా లేదు. పెళ్ళిలో తీయించుకోలేదు, తరవాత ఎవరికీ తోచలేదు. ఇప్పుడా సినిమా విడుదలైంది. మొదటి ఆటకు తారలు స్వయంగా వస్తున్నారని అందరూ వాళ్ళ గురించే చెప్పుకుంటుంటే, అప్పలసూరికి మాత్రం ఒకటే ధ్యాస. తెరమీద తాయారు మొహం మళ్ళీ ఒక్కసారి చూడాలి.

అన్న జగన్నాధానికి ఆ ఆశ విలువ తెలుసు. ఆయన విజయనగరంలో ఇంటరు చదువుతూ, తండ్రి పోతే చదువు ఆపేసి నాగలి పట్టినవాడు. భార్య జగ్గమ్మ పోయి ఎనిమిదేళ్ళయింది. కాని చదువుకునే రోజుల్లో అక్కడి మూడు లాంతర్ల కూడలి దగ్గర స్టూడియోలో తీయించిన ఆమె ఫొటో ఆయన మంచానికి ఎదురుగా గోడమీద ఉంది. పొద్దున లేచి దాని వైపు చూసిగాని కాలు కింద పెట్టడు. పక్కింట్లో, తమ్ముడి గది గోడ బోసిగా ఉంటుంది. ఆ గోడకేసి చూసినప్పుడల్లా తానేదో ఎక్కువ తినేసినట్టు ఆయనకు సిగ్గు వేస్తుంది.

అయితే ఆ ఆశ తీరదేమోనన్న అనుమానం కూడా ఆయనకే ఉంది. ఎందుకన్నది తమ్ముడికి ఇంతవరకూ చెప్పలేదు.

*

విజయనగరంలో కొత్త హాలు ముందు వీధి వీధంతా జనం. మామిడాకుల తోరణాలు, బ్యాండు మేళం, హారతి పళ్ళాలు పట్టుకున్న ముత్తైదువలు, వాళ్ళను తోసుకుంటూ కుర్రకారు. హాలు సొంతదారు నగరేశ్వరరావు బట్టల కొట్టువాళ్ళ అబ్బాయి, జగన్నాధంతో కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. అతను పట్టుబట్టల్లో చెమటలు కక్కుతూ గుమ్మంలో నిలబడి, అన్నదమ్ములను చూడగానే జనంలోంచి చెయ్యి చాపి లోపలికి లాగేశాడు.

"ఏరా జగన్నాధం, పొలం గట్టు దిగి వచ్చావా ఇన్నాళ్ళకి? నీ జుట్టంతా ఏదిరా, వడ్లతో పాటు తూర్పారబట్టేశావా?" అన్నాడు. తరవాత అప్పలసూరి మొహం చూసి, సంగతి ముందే ఉత్తరంలో తెలిసినవాడు గనక, వేళాకోళం అక్కడితో ఆపి, బాల్కనీలో రెండు కుర్చీలు చూపించమని మనిషిని పురమాయించాడు.

అప్పుడే కార్లు వచ్చాయి. వీధంతా ఒక్కసారి ముందుకు ఒరిగింది. గోడమీద పోస్టర్లో తాడిచెట్టంత ఉన్న హీరోయిను నళినీబాల కారు దిగితే, జగన్నాధానికి మొదట కనిపించనేలేదు. అంత చిన్న మనిషి. మొహానికున్న రంగు మెడ దగ్గర ఆగిపోయి, కింద చెమటకాయలు కనిపిస్తున్నాయి. మడమ మీద చెప్పు కరిచినచోట చిన్న బ్యాండేజీ ముక్క. వెనక హీరో, ఆ వెనక ఊబకాయపు హాస్యనటుడు. తోపులాటలో ఒక పోలీసు టోపీ ఊడి ఆమె కాళ్ళ దగ్గర పడింది. ఆ మనిషి వంగడానికి వీల్లేక రెండు చేతులతో జనాన్ని ఆపుతూ నిలబడిపోయాడు. ఆమె వంగి టోపీ తీసి, దులిపి, అతని తలమీద తానే పెట్టి ముందుకు నడిచింది. ఈలల మధ్య అది ఎవరూ గమనించలేదు. జగన్నాధం గమనించాడు. ఇలాంటివి ఆయన కంటినుంచి తప్పిపోవు.

అప్పలసూరి ఆమెను చూడలేదు. టిక్కెట్లు చింపే మనిషిని పట్టుకుని, పాట ఎప్పుడొస్తాదని అడుగుతున్నాడు.

బాల్కనీలో కూర్చున్నాక కూడా అదే ప్రశ్న పక్కనున్న పెద్దావిడను అడిగాడు. ఆకుపచ్చ కోక కట్టుకుందని, ఎడమ చివరినుంచి మూడోదో నాలుగోదో అయి ఉంటుందని, చూస్తే తనకు చెప్పమని కూడా అన్నాడు. నెలల తరబడి ఊళ్ళో అందరికీ చెప్పుకున్న గుర్తు అది. సినిమా మొదలై, మొదటి దృశ్యం తెరమీద పడ్డాక అతను అన్న చెయ్యి పట్టుకున్నాడు. అంతా నలుపూ తెలుపూ. పచ్చ కోకా లేదు, ఎర్ర కోకా లేదు. ఆ సంగతి అతనికి ముందు తట్టనేలేదు.

"పోనీలే. నడక సూసి పోల్చుకుంటాను," అని గొణిగాడు.

పాట వచ్చింది. ముందు నీళ్ళు నిండిన మడి, అందులో ఆకాశం. తరవాత వంగిన నడుములు. కెమెరా ఎడమనుంచి మెల్లగా జరుగుతోంది. ఊళ్ళో పాలమ్మే బుల్లమ్మ నవ్వుతూ కనిపించింది. ఆ పక్కన కూర్మమ్మ, ముక్కుపుడకతో సహా. అప్పలసూరి కుర్చీ అంచుకు జరిగాడు. కెమెరా ఇంకొంచెం జరిగింది.

తలమీదనుంచి గడ్డం దాకా కొంగు లాక్కుని, అటు తిరిగిపోయిన ఒక ఆకారం తెరంతా నిండింది. మొహం ఉండాల్సిన చోట గుడ్డ. కొంగు కింద ఒక చెయ్యి నారుకట్టను మెలితిప్పి, మూడు మొలకలు వేరుచేసి, బురదలోకి దించింది. అంతే. కెమెరా హీరోయిను మీదికి వెళ్ళిపోయింది.

కింద బెంచీల్లోంచి ఎవడో, "ఏటా ముసుగు, మామ్మని దించినారేటి!" అని అరిచాడు. హాలు హాలంతా నవ్వింది.

అప్పలసూరి నవ్వు వినలేదు. "అదే. సెయ్యి సూసినావా, అదే," అన్నాడు. పాట అయ్యేదాకా కళ్ళార్పలేదు. ఇంకో వైపు నుంచైనా ఒకసారి చూపిస్తారని. చూపించలేదు. పాట అయిపోయి హీరో గుర్రబ్బండి దిగుతుంటే, దాన్ని వెనక్కి తిప్పమంటే తిప్పుతారా అని అన్నను అడిగాడు. పక్కనున్న పెద్దావిడ తన చేతిలో విసనకర్రను అటు తిప్పి, ఏమీ అడక్కుండా అతనికి విసరడం మొదలుపెట్టింది.

*

ఆ వైపు కుటుంబాల్లో తమ్ముడి భార్య బావగారి కంటపడకూడదు. ఆయన పెరట్లోకి వచ్చేముందు దగ్గుతాడు. ఆమె కొంగు లాక్కుని గోడవైపు తిరుగుతుంది. ఎవరూ ఎవరినీ కష్టపెట్టాలని కాదు, అది మర్యాద. పదిహేనేళ్ళు ఒకే పెరట్లో మసిలినా జగన్నాధం తాయారు మొహం చూడలేదు. ఆమె పాదాలు తెలుసు. గాజుల చప్పుడు తెలుసు. గోడ అవతలనుంచి, పులుసు సరిపోయిందో లేదో బావగారిని అడగమని మొగుడితో చెప్పే గొంతు తెలుసు. జగ్గమ్మ పోయాక ఆయన తిన్న ప్రతి ముద్దా ఆ చేతి వంటే. మజ్జిగలో ఉప్పు ఎక్కువైతే బావగారికి దగ్గు వస్తుందని ఆయన మజ్జిగ వేరే గిన్నెలో తీసిపెట్టేది. ఆ సంగతి కూడా ఆయనకు ఆమె పోయాకే, ఉప్పు మజ్జిగ తాగాకే తెలిసింది.

పాట తీసిన రోజు జగన్నాధం కాలవ గట్టు తెగిందంటే చూడ్డానికి వెళ్ళాడు. గట్టు తెగలేదు. కాని పక్క మళ్ళో కెమెరా ఉంది, గొడుగులున్నాయి, పెట్టెలోంచి పాట వస్తోంది. చదువుకునే రోజుల్లో వారం వారం సినిమా చూసిన మనిషి. కాళ్ళు కదల్లేదు. పరాయి మగాళ్ళ మధ్య మన ఇంటి ఆడమనిషి ఉంది, పెద్దవాణ్ణి ఉండటమే మంచిదని తనకు తాను చెప్పుకున్నాడు కూడా. కెమెరా వెనక జనంలో నిలబడి, మరదలున్న వైపు చూపు పడబోయినప్పుడల్లా, మర్యాద తప్పకుండా, దగ్గాడు.

ఎవరో కసురుకున్నారు. ఆయన మళ్ళీ దగ్గాడు. ఆ దగ్గుతో ఏం పోతోందో అప్పుడు ఆయనకు తెలియదు. తరవాత అనుమానం వచ్చింది, తెరమీద ఆ గుడ్డ చూసినప్పుడు రూఢి అయింది.

*

ఇంటర్వెల్లో నగరేశ్వరరావు మనిషిని పంపాడు. తారలు మేడమీద ఆఫీసు గదిలో టీ తాగుతున్నారట, ఇంకాసేపట్లో స్టేజీ ఎక్కి నాలుగు మాటలు చెప్పి వైజాగు వెళ్ళిపోతారట, దగ్గరగా చూడాలంటే ఇప్పుడే రమ్మన్నాడు. జగన్నాధానికి వెళ్ళాలని లేదు. అప్పలసూరి అప్పటికే మెట్లెక్కుతున్నాడు. తీసినవాళ్ళు గదా, ఇంకో ముక్క ఉందేమో వాళ్ళకే తెలుస్తుందన్నాడు.

గది తలుపు తెరిచే ఉంది. లోపల ఆడవాళ్ళున్నారు. జగన్నాధం గుమ్మం దగ్గర ఆగి, పదిహేనేళ్ళ అలవాటు చొప్పున, పొడిగా రెండుసార్లు దగ్గాడు.

నళినీబాల టీకప్పు సాసరులో పెట్టేసింది.

"ఈ దగ్గు..." అంది. హాస్యనటుడి వైపు తిరిగింది. ఆయన నల్లకళ్ళద్దాలు నెత్తిమీదికి ఎత్తి, కళ్ళు పెద్దవి చేసి, అచ్చం అలాగే రెండుసార్లు దగ్గి చూపించాడు. హీరో పొట్ట పట్టుకుని నవ్వాడు. గదిలో సంగతి తెలిసినవాళ్ళు తెలిసి, తెలియనివాళ్ళు వాళ్ళను చూసి, అందరూ నవ్వారు. నగరేశ్వరరావు కూడా నవ్వి, ఎందుకో తెలియక ఆపేశాడు.

"కోపగించుకోకండి," అంది నళినీబాల లేచి నిలబడి. "కళింగపట్నంలో ఉన్నన్నాళ్ళూ మా యూనిట్ అంతా మీ దగ్గే దగ్గింది. మిమ్మల్ని చూడలేదుగాని, ఆ దగ్గు మర్చిపోలేదు."

తరవాత ఆమె తెలిసినవాళ్ళింట్లో కబుర్లు చెబుతున్నట్టు చెప్పుకొచ్చింది. నాట్లు వేసేవాళ్ళలో ఒకావిడ మొహం డైరెక్టరు గారికి తెగ నచ్చేసిందట. పాట ఆ మొహం మీద మొదలుపెట్టి అక్కణ్ణుంచి తన మీదికి తిప్పుదామనుకున్నారట. కెమెరా ఆవిడ దగ్గరికి వచ్చేసరికి జనంలోంచి దగ్గు, ఆవిడ కొంగు దిగిపోవడం. మళ్ళీ తీశారు. మళ్ళీ దగ్గు. ఎండ పోతోందని చివరికి ముసుగుతోనే ఉంచేశారు. ఇలాంటి మొహం దొరికీ దొరక్కుండా పోయిందని డైరెక్టరు ఆ పూట అన్నం తినలేదట.

"నాకు నాటడం నేర్పిందీ ఆవిడే. బొటనవేలు దించమ్మా, మొలక తేలిపోతుందని నా చెయ్యి పట్టుకుని బురదలో ముంచేసేది. ఏరీ, రాలేదా ఆవిడ?"

జగన్నాధం నేల చూస్తున్నాడు. ఆమె ఆయన్నే అడిగినట్టు చూస్తోంది. అప్పలసూరి ముందుకు వచ్చాడు.

"రాలేదమ్మా. కార్తీకంలో పోనాది. ఫొటో అయినా లేదు. మొగం ఓసారి సూసుకుందావని వచ్చినాం."

హాస్యనటుడు నల్లకళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. నళినీబాల ఏదో అనబోయింది. ఇంతలో కింద గంట మోగింది. నగరేశ్వరరావు చేతులు జోడించి, స్టేజీ మీదికి దయచేయమన్నాడు. అందరూ దిగి వెళ్ళారు. వెళుతూ ఆమె రెండుసార్లు వెనక్కి చూసింది.

*

మెట్ల మలుపులో అన్నదమ్ములిద్దరే మిగిలారు. గోడ అవతల మైకులో హీరో మాట్లాడుతుంటే ఈలలు వినిపిస్తున్నాయి.

"సూరీ," అన్నాడు జగన్నాధం. "ఆ దినం నాను..."

"నివ్వు మాటాడకు అన్నియ్యా. కాలవ గట్టు తెగినాదని నీకు సెప్పినదెవరు?"

"నివ్వే."

"తెగినాదేటి?"

"లేదు."

"తెగనేదని నాకు తెలుసు," అన్నాడు అప్పలసూరి.

మెట్టుమీద కూర్చుని మిగతాది చెప్పాడు. తాయారు వెళతానంటే ఆ పొద్దున తానే నవ్వుతూ సరేనన్నాడు. తరవాత టీ కొట్టు దగ్గర నలుగురూ వేళాకోళం మొదలుపెట్టారు. అప్పలసూరి పెళ్ళాం రేపట్నుంచి మద్రాసులో ఉంటాదట, ఇతను ఆవిడ పెట్టె మోస్తాడట. ఒక్కడు అంటే నవ్వాడు. అందరూ అంటే తట్టుకోలేకపోయాడు. వెళ్ళి పెళ్ళాన్ని వెనక్కి పిలవలేడు. సరేనన్నది తనే. ఊరందరి ముందూ మాట తప్పినట్టవుతుంది.

"నోటితో వద్దనడానికి మొగం సెల్లక నిన్నంపినాను. నివ్వెళ్తే దగ్గుతావు. నివ్వు దగ్గితే అది కొంగు దించుతాది. నాను ఊళ్ళోనే కూకున్నాను. పని అయిపోనాది. నివ్వెళ్ళేలోగా తీసిన ముక్క ఒకటైనా ఉంటాదని ఇన్నాళ్ళూ ఆశపడ్డాను."

ఆ సాయంత్రం ఆమె కాళ్ళు కడుక్కుంటూ, బావగారు రాకపోతే నా మొగం ఊరూరా తిరిగి వచ్చేదని నవ్విందట. అప్పుడు అతనికి సంతోషం కలిగింది. ఆ నవ్వు ఎలాంటి నవ్వో ఇప్పుడు ఎంత తలుచుకున్నా పోల్చుకోలేకపోతున్నాడు.

జగన్నాధానికి కోపం రావాలి. రాలేదు. పాట చూసిన దగ్గర్నుంచి గుండెమీద కూర్చున్న బరువు సగం దిగాలి. అదీ దిగలేదు. గట్టు తెగలేదని కళ్ళతో చూశాక వెనక్కి తిరిగి ఉంటే సరిపోయేది. తమ్ముడు పంపింది గట్టు దాకానే. అక్కణ్ణుంచి కెమెరా దాకా నడిచినవి తన కాళ్ళు.

"నాను ఎనక్కి వచ్చీసి ఉండొచ్చురా," అన్నాడు. "సినిమా సూస్తూ ఉండిపోయాను."

అప్పలసూరి తల అడ్డంగా ఊపాడు. ఎవరి తప్పు పెద్దదో తేల్చుకోవాలని ఇద్దరికీ లేదు. తమ్ముడి పక్కన మెట్టుమీద అన్న కూడా కూర్చున్నాడు. పట్టుపంచెల పెద్దమనిషి ఒకడు దిగుతూ దారిమ్మన్నాడు. ఇద్దరూ చెరోపక్కకు ఒదిగారు, ఆయన వెళ్ళాక మళ్ళీ దగ్గరికి జరిగారు.

*

సినిమా రెండో సగం చూడాలని ఇద్దరికీ లేదు. బయటికి వచ్చేసరికి కార్లు బయలుదేరుతున్నాయి. జనం అద్దాలమీద చేతులు వేసి పరిగెడుతున్నారు. మొదటి కారు వాళ్ళను దాటి వెళ్ళి, ఆగింది. వెనక అద్దం దిగింది. నళినీబాల చెయ్యి ఊపి పిలిచింది. పోలీసు ఒకడు, ఇందాక టోపీ ఊడినవాడే, అన్నదమ్ములకు దారి చేశాడు.

"ఫొటో లేదన్నారు కదా," అంది ఆమె ఆదరాబాదరాగా. "ఉంది. ఆ రోజు మధ్యాహ్నం నేనూ ఆవిడా తాటాకు పందిరి కింద కూర్చుని అన్నం తిన్నాం. మా స్టిల్స్ తీసే అతను తీశాడు. నవ్వుతోంది. తలమీద కొంగు లేదు."

అప్పలసూరి కారు తలుపు పట్టుకున్నాడు.

"ఇంటికి పంపిస్తానన్నాను. వద్దంది. గోడకి తగిలిస్తే బావగారి కంటపడతానంది. వాళ్ళక్కకి పంపమంది. బొబ్బిలి. పేరు కన్యాకుమారి. అది ఊరి పేరు కదా అని నవ్వాను, అందుకే గుర్తుంది. మద్రాసు వెళ్ళగానే నేనే పోస్టు చేయించాను. అందే ఉంటుంది."

డ్రైవరు హారను కొట్టాడు. ఆమె అప్పలసూరి చేతిమీద తన చెయ్యి ఒక్క క్షణం వేసింది. కారు కదిలింది. అతని చెయ్యి అలా గాలిలోనే ఉండిపోయింది.

తాయారు మొహం ఉంది. కాని అది ఉన్నచోటు విన్నాక అన్నదమ్ములు ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూసుకోలేకపోయారు.

కార్తీకంలో తాయారు తెల్లవారుజామున పోయింది. బొబ్బిలికి కబురు పెట్టి, అక్క వచ్చేదాకా ఉంచుదామని అప్పలసూరి అన్నాడు. జగన్నాధం వద్దన్నాడు. కామెర్లకు పసుపుముద్దలా అయిపోయిన ఆ శరీరాన్ని తోబుట్టువు చూడకపోవడమే మంచిదనుకున్నాడు. దయ అనే అనుకున్నాడు. మధ్యాహ్నానికే దహనం చేయించి, తరవాత కబురు పెట్టించాడు. కన్యాకుమారి మూడోనాటికి వచ్చింది. చెల్లికి ఒంట్లో బాగులేదన్న మొదటి కబురే అప్పటికామెకు అందింది. చేతిలో బత్తాయిపళ్ళు. సంగతి విని, పెరట్లో నిలబడి, నా చెల్లి మొగం నాకు చూపించకుండా కాల్చేశారు, ఇక మీ మొగాలు నాకు చూపించకండని చెప్పి, పళ్ళు అక్కడే వదిలి వెళ్ళిపోయింది. మళ్ళీ మాటల్లేవు.

"రైలుందేటి బొబ్బిలికి?" అన్నాడు అప్పలసూరి.

"ఉన్నాది. సాయంత్రం."

"ఎల్దాం. కాళ్ళు పట్టుకుంటాను. తన్నితే తన్నించుకుంటాను. ఒకపాలి సూసి ఇచ్చీస్తాను."

జగన్నాధం సరేనన్నాడు. కాళ్ళు పట్టుకోవాల్సింది ఎవరో ఆయనకు తెలుసు. స్టేషను దాకా నడుస్తున్నంతసేపూ, జగ్గమ్మతో తప్ప ఏ ఆడమనిషితోనూ మాట అలవాటు లేని తన నోటికి, ఆ గుమ్మంలో మొదటి మాట ఏది వస్తుందోనని వెతుక్కుంటున్నాడు.

రైలు నిండుగా ఉంది. ప్రతి పెట్టెలోనూ సినిమా నుంచి తిరిగి వెళుతున్నవాళ్ళే. పాటల పుస్తకాలు చూసి కూనిరాగాలు తీస్తున్నారు. రెండు పెట్టెలు దాటి మూడోదానిలో ఎక్కారు. ముందు జగన్నాధం, వెనక అప్పలసూరి. చోటు కోసం చూస్తూ లోపలికి నడిచిన జగన్నాధం మధ్యలో ఆగిపోయాడు.

కిటికీ పక్కన, ఒళ్ళో పాటల పుస్తకం పెట్టుకుని, పండిన పాపిడితో ఒక లావుపాటి ఆడమనిషి కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తన చెల్లెలు నడుస్తూ, వంగుతూ, చేతులాడిస్తూ కనిపిస్తుందని ఆమె కూడా ఆ ఆటకే వచ్చింది. కింద, ఆడవాళ్ళ బెంచీల్లో కూర్చుని, ఆ ముసుగూ చూసింది, హాలు నవ్విన నవ్వూ వింది.

కన్యాకుమారి వాళ్ళను చూసింది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాడు జగన్నాధం. వెళ్ళలేదు. పక్కనున్న సంచీని ఒళ్ళోకి తీసుకుంది. బల్లమీద ఒక మనిషికి చోటు ఏర్పడింది.

"ఒకరికే సోటున్నాది," అంది నెమ్మదిగా. "దాని మొగం నాకు సూపించకుండా ఎత్తించీమన్నది మీలో ఎవరో, ఆళ్ళొచ్చి కూకోండి."

జగన్నాధం పెదవి తడుపుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోపల అప్పలసూరి అన్న భుజం పక్కనుంచి తోసుకుని ముందుకొచ్చాడు.

"నానే," అన్నాడు.

కన్యాకుమారి అతని వైపు చూడలేదు. ఆమె చూపు అతని వెనక నిలబడ్డ జగన్నాధం మీదే ఉంది.